ఎవరి పేరు రాయాలి?

ఆడవాళ్ళం దాచుకునే మనుషులం. పెళ్ళినాటి పట్టుచీర కలరా ఉండలు వేసి మరీ దాస్తాం. పిల్లల మొదటి చొక్కా దాస్తాం. అత్తగారిచ్చిన ఇత్తడి గుండిగ అటకమీద ఉంటుంది. ఏడాదికోసారి దించి చింతపండు పెట్టి తోమటం తప్ప దానితో మనకి పనేమీ ఉండదు, అయినా అమ్మటానికి మనసొప్పదు. పాత శుభలేఖలూ, పాలపద్దు రాసుకున్న నోటుబుక్కులూ సరేసరి.

ఇన్ని దాచుకునే మనం మన మీద పడిన దెబ్బల్ని కూడా దాస్తాం. అయితే ఆ దాచటం వేరు. తెలుగులో ఈ మాటకి రెండర్థాలుండటం నాకెప్పుడూ చిత్రంగా తోస్తుంది. దాచటమంటే పోకుండా కాపాడుకోవటమూ అవును, ఎవరికంటా పడకుండా కప్పెయ్యటమూ అవును. పట్టుచీర విషయంలో మొదటి అర్థం, వీపుమీది వాత విషయంలో రెండో అర్థం. "మెట్లమీంచి జారానండీ," "చీకట్లో తలుపు తగిలింది," "స్టవ్వు పేలింది"... ఈ మాటలు వినని ఇల్లాలు మనలో ఎవరైనా ఉన్నారా?

నా చిన్నతనంలో పేపరు తిరగేస్తే ఏదో ఓ మూల నాలుగు ముక్కల్లో 'స్టవ్ పేలి గృహిణి మృతి' అని కనిపించేది. ఇంటిల్లిపాదీ ఆ స్టవ్వు మీద కాచిన కాఫీయే తాగుతారు. అత్తగారు వెలిగిస్తే పేలదు, ఆడపడుచు వెలిగిస్తే పేలదు, మావగారికి నీళ్ళు పెడితే పేలదు. కొత్తకోడలు దగ్గరకెళితేనే ఎందుకు పేలుతుంది? ఇవాళ ఈ ప్రశ్న ఎంత మామూలుగా ఉందో చూడండి. ఇది అడగాలని మొదట తోచిన ఆడవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు బజారులో నిలబడి, ఇది ప్రమాదం కాదు, హత్య అన్నారు. మాట మార్చారు. 'స్టవ్వు చావు' పోయి 'వరకట్న చావు' వచ్చింది. ఆ మాట తరవాతే చట్టం వచ్చింది.

బి.ఎ. చదువుతున్న మా అమ్మాయి మొన్న పరీక్షకి చదువుకుంటూ, "ఈ ఆడవాళ్ళ చట్టాలన్నీ అంబేద్కర్‌గారు రాసినవేగా అమ్మా?" అంది.

"ఆయన పోయింది 1956లో. నువ్వు చదివే 498-ఎ వచ్చింది 1983లో," అన్నాను.

"మరెవరిచ్చారు?"

"ఇవ్వటమేమిటే, అడిగి తీసుకున్నారు."

"ఎవరు?" అంది. ఆ ప్రశ్నకి సమాధానం దాని పుస్తకంలో లేదు. సెక్షనుంది, సంవత్సరముంది, శిక్ష ఎన్నేళ్ళో ఉంది. అడిగిన మనుషులు లేరు. వానాకాలం వచ్చింది, వాన కురిసింది అన్నట్టు 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిందట, 1983లో భర్తా అతని బంధువులూ పెట్టే హింస నేరమయిందట, 1986లో పెళ్ళయిన ఏడేళ్ళలోపు అనుమానాస్పదంగా చనిపోతే, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే అది వరకట్న మృతి అయిందట, 2005లో గృహహింస చట్టం వచ్చిందట. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత రావటంతో ఆ 498-ఎ అన్న అంకె కూడా కొత్త కేసుల్లో ఉండదు. అందులోని సంగతి 85, 86 సెక్షన్లలో చేరింది. అంకెలు మారిపోతాయి. వాటి వెనక నిలబడిన మనుషుల్ని కూడా మరిచిపోతే ఇంక మిగిలేదేమిటి?

నేను పుట్టకముందు సంగతి చెబుతాను. 1978 మార్చి నెలాఖరున హైదరాబాదులో రాత్రి సినిమా చూసి ఇంటికి వెళుతున్న ఒక పేద ముస్లిం స్త్రీని నల్లకుంట పోలీస్‌స్టేషన్లో పెట్టి పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త రిక్షా తొక్కి బతికేవాడు. అతన్ని కొడితే ప్రాణం పోయింది. ఊరు ఊరంతా భగ్గుమంది. జనం రోడ్లమీదకొచ్చారు, పోలీసు కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్‌తో విచారణ సంఘం వేశారు. విచారణలో పోలీసుల తరఫువాళ్ళు ఎక్కువగా తవ్వింది ఆ రాత్రి ఏం జరిగిందని కాదు. ఆమె ఎలాంటిది, ఆమె పెళ్ళి అసలు చెల్లుతుందా అని. అయినా సంఘం పోలీసులదే తప్పని తేల్చింది. తరవాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. చివరికి నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఇదే రోజుల్లో మహారాష్ట్ర కేసొకటి సుప్రీంకోర్టులో నడుస్తోంది. 1972లో చంద్రపూర్ జిల్లా దేశాయ్‌గంజ్ ఠాణాలో ఒక ఆదివాసీ పిల్ల మీద ఇద్దరు పోలీసులు చేసిన ఘోరం అది. హైకోర్టు శిక్ష వేస్తే, 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటిమీద గాయాల్లేవు, ఆ పిల్ల అరవలేదు, కనక ఇష్టపడే ఉంటుందని! ఠాణాలో అరిస్తే వినేదెవరు? మర్నాడు మళ్ళీ పోలీసులకేగా చెప్పుకోవాలి! 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవటానికీ ఒప్పుకోవటానికీ తేడా లేదా అన్నది ఆ లేఖలోని సారం. 1980 మార్చి 8న చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు ఊరేగింపులు తీశారు. 1983లో చట్టం మారింది. ఠాణాలో, జైల్లో, ఆస్పత్రిలో, తన అధీనంలో ఉన్న స్త్రీని అధికారి పాడుచేస్తే, ఆమె 'నేను ఒప్పుకోలేదు' అంటే కోర్టు ఆ మాటనే ముందు నమ్మాలని రాశారు.

హైదరాబాదులో 1978లోనే స్త్రీశక్తి సంఘటన పుట్టింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1974లో, విద్యార్థినులు ప్రగతిశీల మహిళాసంఘం పెట్టుకుని కట్నాల మీదా, వీధుల్లో ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ళ మీదా పోరాడుతుంటే ఎమర్జెన్సీ వచ్చి అణిచేసింది. వాళ్ళంతా మనలాంటి ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే. రాత్రి ఆలస్యంగా ఇంటికెళ్ళి చీవాట్లు తిన్నవాళ్ళే.

ఈ సంగతులన్నీ రాసి పెట్టాలి, కరపత్రాలూ పోస్టర్లూ భద్రం చెయ్యాలి అని నేనంటే మా వీధి చివరి పిన్నిగారు ఒప్పుకోలేదు. ఆవిడ రిటైరయిన తెలుగు పంతులమ్మ. ఉన్నమాట నిక్కచ్చిగా అనేసే మనిషి.

"మీరు చరిత్ర అంటున్నారు బాగానే ఉంది. ఆ పిల్లనడిగారా?" అన్నారు.

"ఏ పిల్లనండీ?"

"ఆ ఠాణాలో పిల్లని. మీ ఊరేగింపులో ఆ పిల్ల పేరు పట్టుకుని అరిచారు. మీ పుస్తకాల్లో ఆ పేరు అచ్చేశారు. లా చదివే ప్రతివాడూ ఆ పేరు బట్టీపడతాడు. ఆవిడ తరవాత పెళ్ళి చేసుకుందో, పిల్లల్ని కందో, మరిచిపోయి బతుకుదామనుకుందో! మీరు మరిచిపోనిస్తేనా? మీ పోరాటానికి ఆవిడ పరువు పెట్టుబడా?"

ఆవిడ కోపంగా అన్నా, ఆ మాటలో న్యాయముంది. నేను చాలా రోజులు దాన్ని మనసులో పెట్టుకుని తిరిగాను. కూర తరుగుతున్నా అదే, నవలకి అధ్యాయం రాస్తున్నా అదే. మరిచిపోయే హక్కు అనేదొకటి మనిషికి ఉండొద్దూ? ఎవరి బతుకులోని ఘోరాన్నో మనం దీపంలాగా పట్టుకుని నడిస్తే, వెలుగు మనకి, కాలటం వాళ్ళకి అన్నట్టుండదూ?

1983లో చట్టం మార్చినవాళ్ళకి కూడా ఈ సంగతి తట్టింది. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు అచ్చువెయ్యటం నేరమని ఆ సవరణలోనే రాశారు. ఒక పిల్ల పేరు మీద నడిచిన ఆందోళనవల్ల వచ్చిన చట్టమే, ఇకమీదట ఎవరి పేరూ వాడొద్దంది. ఆ తరవాత మనం ఏం చేశాం? పెట్టుడు పేర్లు మొదలుపెట్టాం. 2012లో ఢిల్లీలో బస్సులో జరిగిన ఘోరానికి బలయిన అమ్మాయికి పత్రికలు 'నిర్భయ' అని పేరు పెట్టాయి. 2019లో హైదరాబాదు శివార్లలో చంపబడ్డ డాక్టరుకి 'దిశ' అన్నారు. అది పోలీసులు పెట్టిన పేరు. మంచి పేర్లే. కాని ఆ పేర్లు వాళ్ళవి కావు. ఎంత భయపడిందో మనకి తెలియని పిల్లని భయంలేనిదానా అని పిలిచాం. ఢిల్లీ అమ్మాయి తల్లి 2015లో నలుగురిలో నిలబడి, నాకు సిగ్గేమీ లేదంటూ కూతురి అసలు పేరు చెప్పింది. చెప్పటానికి ఆవిడకి హక్కుంది. ఆవిడ చెప్పింది కదా అని మనకందరికీ ఆ హక్కు వచ్చినట్టేనా? నాకలా తోచదు.

అయితే పిన్నిగారి మాటే వేదమని అన్నీ మరిచిపోదామా? అక్కడే నేను ఆగిపోతాను. ఎందుకంటే తమంతట తాము పేరు చెప్పి నిలబడ్డవాళ్ళు ఉన్నారు. రాజస్థాన్‌లో భన్వరీదేవి ఉంది. భటేరీ గ్రామంలో బాల్యవివాహాలు ఆపటానికి ప్రభుత్వం తరఫున పనిచేసిన ఆవిడని, ఆ పని చేసినందుకే 1992లో పాడుచేశారు. 1995లో కింది కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఆవిడ మొహం దాచుకోలేదు. ఆ కేసు చూసి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెళితే, 1997లో 'విశాఖ' తీర్పు వచ్చింది. పనిచేసే చోట లైంగిక వేధింపులు ఆపటానికి నియమాలు పెట్టారు, 2013లో అవి చట్టమయ్యాయి. ఇవాళ బ్యాంకులో, బడిలో, సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మన ఆడపిల్ల ఫిర్యాదు చెయ్యటానికి ఒక కమిటీ ఉందంటే దాని వెనక భన్వరీదేవి ఉంది. ఆవిడ కేసులో ఆవిడకి కోరిన న్యాయం దొరకలేదు, మనకి మాత్రం దొరికింది. ఆవిడని మరిచిపోవటం మర్యాద అవుతుందా? అప్పు ఎగ్గొట్టటం అవుతుంది.

ఢిల్లీలో సత్యరాణి ఛడ్డా అనే తల్లి ఉండేది. 1979లో కట్నం కోసం ఆవిడ కూతురు కాలి చనిపోయింది. ఆవిడ ఏడుస్తూ ఇంట్లో కూచోకుండా, మూడు దశాబ్దాలపైగా కోర్టుల చుట్టూ తిరిగింది. తిరుగుతూనే, తన కూతురిలాంటి మరికొందరి తల్లులతో కలిసింది. షాజహాన్ ఆపా అనే మరో తల్లితో కలిసి 1987లో 'శక్తిశాలిని' పెట్టి దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి నీడ ఇచ్చింది. కూతురి చావు ఆవిడ చెప్పుకుంది, దాచలేదు.

ఈ ఉదాహరణలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నాకొక తేడా కనిపించింది. గాయం ఒక మనిషిది, పోరాటం నలుగురిది. గాయం చెప్పుకోవాలా వద్దా అన్నది గాయపడ్డ మనిషి తేల్చుకోవాలి. పోరాటం మాత్రం గుర్తుపెట్టుకు తీరాలి, అది మన ఉమ్మడి ఆస్తి.

మీరంటారు, గాయం లేకుండా పోరాటం కథ ఎలా చెబుతావమ్మా అని. చెప్పలేం, నిజమే. కాని ఎటునుంచి చెబుతామన్నది మన చేతిలో ఉంది. పైన 1978 సంగతి రాశాను. అందులో ఠాణా పేరు రాశాను, విచారణ చేసిన జడ్జిగారి పేరు రాశాను, ఆమె పేరు రాయలేదు. దేశాయ్‌గంజ్ అని రాశాను, ఆ పిల్ల పేరు రాయలేదు. సిగ్గుపడవలసింది ఆ ఠాణా. ఆ తీర్పు వెనకున్న తర్కం సిగ్గుపడాలి. ఆ తర్కాన్ని ముక్కముక్కా విప్పి చెప్పిన నలుగురి పేర్లు పెద్దక్షరాల్లో రాయాలి. ఇన్నాళ్ళూ మనం తలకిందులుగా రాసుకున్నాం. దెబ్బతిన్నవాళ్ళ పేర్లు అందరికీ కంఠతా వచ్చు, కొట్టినవాళ్ళవీ, ఎదురునిలిచినవాళ్ళవీ ఎవరికీ తెలియవు.

మరిచిపోతే నష్టం ఏమిటో కూడా చెప్పాలి కదా. దూబగుంట సంగతి తీసుకోండి. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో రాత్రిబళ్ళలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, సారా ప్యాకెట్టు తాగొచ్చి కొట్టే మొగుళ్ళ సంగతి ఒకరితో ఒకరు చెప్పుకుని, ఊరి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే బయటికొచ్చింది. 1992లో సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఎత్తేసేటప్పుడు ఖజానా లెక్కలు గట్టిగా చెప్పారు. తెచ్చుకున్న ఆడవాళ్ళు ఎందుకు తెచ్చుకున్నారో, వాళ్ళ వీపుల లెక్క ఎంతో ఎవరి దగ్గరా రాసి లేదు. ఇచ్చినవాడు తీసుకున్నాడు అన్నట్టయిపోయింది. మనం గుర్తుపెట్టుకోని హక్కు ఎదుటివాడి దయగా మారిపోతుంది. దయ ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు.

ఇంతకన్నా చేదయిన సంగతి 2019 డిసెంబరు 6. డాక్టరు హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు తెల్లవారుజామున కాల్చిచంపారు. మన హైదరాబాదు ఆడపిల్లలే పోలీసులకి మిఠాయిలు పెట్టారు, పూలు జల్లారు. వాళ్ళ మనసులో కోపం ఎంత నిజమో నాకు తెలుసు, నేనూ ఆడపిల్ల తల్లినే. కాని ఇదే ఊళ్ళో 41 ఏళ్ళ కిందట ఒక ఠాణాలో ఏం జరిగిందో, పోలీసు చేతికి అడ్డూఆపూ లేకపోతే మొదట బలయ్యేది ఎవరో, అది చూసి ఆడవాళ్ళు ఎందుకు కదిలారో ఆ పిల్లలకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కోపం తగ్గేదని కాదు, పూలు జల్లేముందు ఒక్కక్షణం చెయ్యి ఆగేదేమో! ఆ రోజే కొందరు మహిళా కార్యకర్తలు హైకోర్టుకి ఉత్తరం రాశారు. వాళ్ళని జనం తిట్టిపోశారు. 2022లో సిర్పుర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అందులో ఉంది. ఆ ఉత్తరం రాసినవాళ్ళకి ఆ బుద్ధి ఎక్కణ్ణించి వచ్చింది? పాత సంగతులు గుర్తుండటంవల్లే వచ్చింది.

పోనీ, గుర్తుపెట్టుకోవటం ఎలా అంటారా? దానికి మన తెలుగులోనే మంచి దారి ఒకటుంది. స్త్రీశక్తి సంఘటనవాళ్ళు తెలంగాణా సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, టేపురికార్డరు ముందు పెట్టుకుని, వాళ్ళచేతనే చెప్పించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వేశారు. చాకలి ఐలమ్మ ఉంది అందులో, మల్లు స్వరాజ్యం ఉంది, కొండపల్లి కోటేశ్వరమ్మ ఉంది. తుపాకీ పట్టిన గొప్పే కాదు, తోటి మగవాళ్ళు తమని ఎలా చూశారో, పోరాటం అయిపోయాక 'ఇంటికి పోండి' అంటే ఏమనిపించిందో కూడా చెప్పుకున్నారు. 1988లో బొంబాయిలో తమిళ రచయిత్రి అంబై మరికొందరితో కలిసి 'స్పారో' అనే సంస్థ పెట్టి ఆడవాళ్ళ గొంతులూ బొమ్మలూ కాగితాలూ భద్రం చేస్తున్నారు. ఈ పనిలో గొప్పేమిటంటే అడిగి తీసుకోవటం. నీ కథ చెబుతావా, ఎంతవరకు చెబుతావు, పేరు వెయ్యమంటావా వద్దా అని అడగటం.

పోరాటాలలోని పోట్లాటలు కూడా రాయాలి. ఎవరు మాట్లాడారు, ఎవరిని మాట్లాడనివ్వలేదు, దళిత స్త్రీల గొంతు ఎన్నాళ్ళు వెనకబెంచీలో కూచుందో రాయాలి. పెళ్ళి ఫోటోలో అందరూ నవ్వుతారు. అది చూసి ఆ పెళ్ళిలో మర్యాదలు ఎలా జరిగాయో తెలియదు కదా!

ఈ మాటలన్నీ పిన్నిగారికి చెబితే కాసేపు ఊరుకున్నారు. తరవాత లోపలికెళ్ళి ఒక ఫైలు తెచ్చారు. వాళ్ళ బళ్ళో టీచర్లు కట్నాలకి వ్యతిరేకంగా ఎప్పుడో వేసిన కరపత్రం, పసుపుపచ్చబడి మడతల దగ్గర చిరుగుతోంది. కింద ఏడుగురి పేర్లున్నాయి, ఆవిడది మూడోది. "నా పేరు వేసుకోండి. మిగతావాళ్ళని అడిగి చెబుతాను," అన్నారు.

ఆ ఏడుగురిలో ఇప్పుడు నలుగురున్నారట. ఒకరు అమెరికాలో కొడుకు దగ్గరున్నారు, ఫోనులో దొరికారు. ఇంకొకరికి చెవి వినపడదు, ఇంటికెళ్ళి అడగాలి. ఆదివారం వెళదామనుకుంటున్నాం.